హాయిస్టుకు ఏ బ్రేకు? బ్రేకుకీ బరువుకీ మధ్య ఏముందో చూసి ఎంచుకోండి

హాయిస్టు కొనేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని టన్నులు లేపుతుంది?" అని. లేపడం మోటారు పని. దానికి చేతకాకపోతే బరువు నేల మీదే ఉంటుంది, ఎవరికీ ఏమీ కాదు. లేపినదాన్ని గాలిలో నిలబెట్టేది మాత్రం బ్రేకు. అయినా కేటలాగులో మోటారుకు ఒక పేజీ ఇస్తారు, బ్రేకుకు ఒక లైను. ఆ లైనులో కూడా చాలాసార్లు "ఆటోమేటిక్ సేఫ్టీ బ్రేకు కలదు" అన్న మాట తప్ప ఇంకేమీ దొరకదు.

ఆ ఒక్క మాట వెనక ఒకదానితో ఒకటి పోలికలేని అరడజను ఏర్పాట్లు ఉంటాయి. ఆటోమేటిక్ అంటే మనిషి చెయ్యి వేయకుండా తనంతట తాను పడేది, అంతే. ఏం జరిగితే పడుతుంది, ఎక్కడ పట్టుకుంటుంది, ఎంతసేపట్లో పట్టుకుంటుంది అన్నవి బ్రేకు బ్రేకుకీ వేరు. వాటిలో రెండోది తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఒక కరెంటు హాయిస్టును ఊహించుకోండి. మోటారు, దాని వెనక గేరుబాక్సు, తర్వాత డ్రమ్ము, డ్రమ్ము మీంచి వైరు తాడు, తాడు చివర కొక్కెం, కొక్కేనికి బరువు. ఈ వరుసలో బ్రేకు ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి కొక్కెం దాకా ఉన్న ప్రతి గేరు పన్నూ, చక్రాన్ని ఇరుసుకు బిగించే ప్రతి కీ, ప్రతి తాడు పోగూ తెగదని మీరు నమ్మినట్టు లెక్క. మోటారు వెనక బిగించిన బ్రేకు కరెంటు పోతే కాపాడుతుంది, గేరు పళ్లు రాలిపోతే కాపాడలేదు. డ్రమ్మునే పట్టుకునే బ్రేకు గేరు విరిగినా కాపాడుతుంది, తాడు తెగితే కాపాడలేదు. తాడు తెగినా ఆపాలంటే బ్రేకు బరువుతో పాటే కిందికీ పైకీ తిరగాలి. అందుకే "మంచి బ్రేకు ఏది?" అని అడిగితే జవాబు దొరకదు. దేని నుంచి కాపాడాలో ముందు మీరు తేల్చుకోవాలి.

చేతితో లేపేవి

చేతి గొలుసు లాగి లేపే చైన్ బ్లాకులోనూ, లివరు ఊపి లేపే లివర్ హాయిస్టులోనూ ఉండేది వెస్టన్ బ్రేకు. నాకు దీని మీద కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నాను. కరెంటు అక్కర్లేదు, విడిగా స్ప్రింగు బలం అక్కర్లేదు, బరువే తన బ్రేకును తాను బిగించుకుంటుంది. ఇరుసు మీద మరలాంటి చుట్లు ఉంటాయి, వాటి మీద చేతి గొలుసు చక్రం నట్టులా తిరుగుతుంది. చక్రానికీ ఇరుసు మీది పళ్లేనికీ మధ్య రాపిడి బిళ్లలు, వాటి నడుమ ఒక రాచెట్ చక్రం, అంటే నాలుక అడ్డుపడి ఒకవైపే తిరగనిచ్చే పళ్ల చక్రం. మీరు గొలుసు లాగి లేపుతుంటే చక్రం బిగుసుకుని అంతా ఒకటిగా తిరుగుతుంది, రాచెట్ నాలుక పళ్ల మీద టకటక జారుతుంది. గొలుసు వదిలేస్తే బరువు ఇరుసును వెనక్కి తిప్పబోతుంది. అలా తిప్పబోవడమే బిళ్లలను ఇంకా గట్టిగా నొక్కుతుంది, రాచెట్ నాలుక వెనక్కి తిరగనివ్వదు. బరువు ఎంత ఎక్కువైతే పట్టు అంత ఎక్కువ. దించాలంటే గొలుసును అటువైపు లాగుతూ ఆ బిగువును కొద్దికొద్దిగా వదులు చేస్తూ పోవాలి.

దీని బలహీనతలు కూడా అక్కడి నుంచే పుడతాయి. పట్టు అంతా పొడి రాపిడి మీదే ఆధారపడింది, కాబట్టి బిళ్లల మీద నూనె పడకూడదు. గొలుసు కీచుమంటోందని ఒక ఫిట్టరు ఎంతో శ్రద్ధగా చక్రం కవరు విప్పి లోపలంతా గ్రీజు పూసిన చైన్ బ్లాకును నేను చూశాను. గొలుసు శబ్దం ఆగింది. బరువు కూడా ఆగకుండా కిందికి వచ్చేసింది. అదృష్టం, అది ఒక జానెడు ఎత్తు మాత్రమే. గొలుసుకు నూనె పెట్టాలి, బ్రేకుకు పెట్టకూడదు. కొన్ని కరెంటు హాయిస్టుల్లో ఇదే తరహా బ్రేకు గేరుబాక్సు నూనెలోనే మునిగి పనిచేస్తుంది, దాని బిళ్లలు వేరు. ఏది ఏదో పుస్తకం చూసి తెలుసుకోవాలి.

రెండో సంగతి, బరువు మరీ తక్కువైతే బిళ్లలు సరిగా నొక్కుకోవు. పెద్ద హాయిస్టుతో చిన్న సామాను లేపడం సురక్షితమని చాలామంది అనుకుంటారు. ముఖ్యంగా లివర్ హాయిస్టుల్లో కనీసం ఇంత బరువు ఉండాలని తయారీదారు రాస్తాడు, అది చూడకుండా వాడకండి. మూడోది, లాగి పట్టి నెలల తరబడి వదిలేసిన బ్లాకులో బ్రేకు బిగుసుకుపోతుంది. దించబోతే గొలుసు కదలదు, ఒక్క గుంజు గుంజాల్సి వస్తుంది. అది చెడిపోయిందని కాదు, కానీ గుంజేముందు కింద ఎవరూ లేరని చూసుకోవాలి.

హ్యాండిల్ తిప్పి తాడును డ్రమ్ముకు చుట్టే చేతి వించీల దగ్గర తప్పు ఎంపిక ఇంకా ఎక్కువ. దుకాణంలో పక్కపక్కనే ఒకేలా కనిపించే రెండు రకాలుంటాయి. ఒకటి రాచెట్ వించి, రెండోది బ్రేకు వించి. రాచెట్ వించి పడవను ట్రైలరు మీదికి లాగడానికి, నేల మీద దుంగను ఈడ్చడానికి పనికొస్తుంది. నాలుక తీసి దించబోయిన క్షణంలో బరువంతా మీ చేతిలోని హ్యాండిల్ మీదికి వస్తుంది. హ్యాండిల్ చేజారితే అది గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. బ్రేకు వించిలో హ్యాండిల్ ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది, లోపల వెస్టన్ తరహా బ్రేకే ఉంటుంది. నేల నుంచి ఒక్క అడుగు పైకి లేపే పనైనా బ్రేకు వించే తీసుకోండి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

వర్మ్ గేరు: తనే బ్రేకు అనుకునేది

"మా దాంట్లో వర్మ్ గేరు ఉంది, వెనక్కి తిరగదు, బ్రేకు అక్కర్లేదు" అని అమ్మేవాళ్లు చెబుతారు. వర్మ్ అంటే పళ్ల చక్రాన్ని తిప్పే మరలాంటి ఇరుసు. వాళ్ల మాటలో సగమే నిజం. వర్మ్ చుట్టు వాలు చాలా తక్కువగా, సుమారు 5 డిగ్రీల లోపు ఉంటే, నిలిచి ఉన్న బరువు గేరును వెనక్కి తిప్పలేదు. కానీ అది రాపిడి దయ. కొత్త నూనె, వేడెక్కిన నూనె, పక్కన యంత్రం అదురు, ఇవి రాపిడిని తగ్గిస్తాయి. నిన్న నిలిచిన బరువు ఇవాళ మెల్లగా జారడం మొదలెడుతుంది. పైగా తనంతట నిలిచే వర్మ్ గేరు సామర్థ్యం 50 శాతం దాటదు. అంటే మోటారు చేసే పనిలో సగానికి పైగా వేడిగా పోతుంది. రోజంతా నడిచే హాయిస్టుకు అది పనికిరాదు.

అమెరికా కార్మిక భద్రతా నియమాల్లో పైన నడిచే క్రేన్ల గురించిన 1910.179 అనే భాగం ఈ విషయం చక్కగా విడదీస్తుంది. వాలు తగినంత తక్కువైన వర్మ్ గేరు ఉంటే, దించేటప్పుడు వేగం పెరగకుండా చూసే బ్రేకును మినహాయించవచ్చు అంటుంది. బరువును పట్టి నిలిపే బ్రేకుకు మాత్రం ఆ మినహాయింపు లేదు. నాకూ అదే సరైన గీత అనిపిస్తుంది. వర్మ్ గేరు ఉంటే మంచిదే, దాన్ని బ్రేకు లెక్కలో వేయకండి.

కరెంటు హాయిస్టు బ్రేకు: ఎంత గట్టిది, ఎంత చురుకైనది

ఇప్పుడు ఎక్కువమందికి కావలసిన భాగానికి వద్దాం. కరెంటు హాయిస్టుల్లో మామూలుగా కనిపించేది స్ప్రింగు పట్టే, కరెంటు వదిలించే డిస్కు బ్రేకు. స్ప్రింగులు ఎప్పుడూ బ్రేకును మూసే ఉంచుతాయి. మోటారుకు కరెంటు ఇచ్చినప్పుడే కాయిల్ అయస్కాంతమై పలకను లాగి బ్రేకును తెరుస్తుంది. కరెంటు పోయిందా, కేబుల్ తెగిందా, కాయిల్ కాలిందా, ఏదైనా బ్రేకు పడుతుంది. ఇందుకు విరుద్ధంగా, కరెంటు ఇస్తే పట్టే బ్రేకులు కూడా బజారులో ఉన్నాయి. కన్వేయరుకు, పొట్లాలు కట్టే యంత్రానికి అవి పనికొస్తాయి, లేపే పనికి పనికిరావు. పాత మోటారును తెచ్చి ఇంట్లో వించి కట్టుకునేవాళ్లు ఇక్కడే జాగ్రత్తపడాలి.

బ్రేకు ఎంత గట్టిదో చూడమని అందరూ చెబుతారు. పైన చెప్పిన నియమాలే దానికి లెక్క కూడా ఇస్తాయి. పూర్తి బరువును లేపడానికి బ్రేకు ఉన్న చోట ఎంత తిప్పుడు బలం కావాలో చూసి, మెకానికల్ లోడు బ్రేకు (వెస్టన్‌లా బరువే బిగించేది) తోడుంటే అందులో 100 శాతం, వేగాన్ని అదుపు చేసేది కరెంటు ఏర్పాటైతే 125 శాతం, పట్టి నిలిపే బ్రేకులు రెండుంటే ఒక్కొక్కటీ 100 శాతం, ఇది కనీసం. ఇంతవరకు బాగానే ఉంది. చాలా తక్కువమంది అడిగేది, ఆ బ్రేకు పడటానికి ఎంతసేపు పడుతుందని. ఇది ఎందుకు ముఖ్యమో ఒక లెక్క వేసి చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి.

రెండు టన్నుల హాయిస్టు అనుకుందాం. తాడు రెండు మడతలు, డ్రమ్ము అడ్డుకొలత 300 మిల్లీమీటర్లు, గేరు నిష్పత్తి 40, మోటారు నిమిషానికి 1440 చుట్లు. కొక్కెం నిమిషానికి సుమారు 17 మీటర్ల వేగంతో కదులుతుంది. గేరులో పదో వంతు నష్టం అనుకుంటే, లేపడానికి మోటారు ఇరుసు దగ్గర 41 న్యూటన్ మీటర్లు కావాలి. నిలిపి ఉంచడానికి ఆ నష్టం మనకే సాయం, కాబట్టి 33 చాలు. 41కి 125 శాతం అంటే 51. మనం ఉదారంగా 60 న్యూటన్ మీటర్ల బ్రేకు పెట్టామనుకోండి. మోటారులో తిరిగే భాగమైన రోటరుకు ఈ పరిమాణంలో ఉండే జడత్వం తీసుకుంటాను, 0.03 కిలోగ్రాము చదరపు మీటర్లు.

పూర్తి బరువు దిగుతుండగా కరెంటు పోయింది. బ్రేకు 0.1 సెకనులో పట్టుకుంటే బరువు మొత్తం సుమారు 11 సెంటీమీటర్లు జారి ఆగుతుంది. అదే బ్రేకు, అదే 60 న్యూటన్ మీటర్లు, కానీ 0.3 సెకను తీసుకుంటే? ఆ కాస్త వ్యవధిలో పట్టే నాథుడు లేక మోటారు 4000 చుట్ల దాకా పరుగెడుతుంది, బరువు దాదాపు 39 సెంటీమీటర్లు జారుతుంది. బ్రేకు మింగాల్సిన శక్తి మూడింతలు దాటుతుంది. సరే, బ్రేకు చిన్నదేమో అని రెట్టింపు బలంతో 120 న్యూటన్ మీటర్లది పెట్టారనుకోండి. ఆలస్యం 0.3 సెకనే ఉంటే జారేది సుమారు 23 సెంటీమీటర్లు. సగం బలమున్న చురుకైన బ్రేకుకన్నా ఇంకా రెండింతలు! పైగా ఆ కుదుపంతా గేరు పళ్లు, తాడు, పైన దూలం భరించాలి.

ఈ ఆలస్యం ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు వైరింగు నుంచే. ఈ బ్రేకు కాయిళ్లు ఎక్కువగా డీసీ మీద నడుస్తాయి, ముందు ఏసీని డీసీగా మార్చే ఒక రెక్టిఫయరు ఉంటుంది. కరెంటును రెక్టిఫయరుకు ముందు, ఏసీ వైపు తెంపితే కాయిల్లోని కరెంటు రెక్టిఫయరు గుండానే చుట్టు తిరుగుతూ మెల్లగా చల్లారుతుంది, అప్పటిదాకా పలక అతుక్కునే ఉంటుంది. డీసీ వైపు తెంపితే వెంటనే వదులుతుంది. తేడా కొన్ని రెట్లు ఉంటుంది. ఇంతకీ దీనికి అయ్యే అదనపు సామాను కాంటాక్టరులో (మోటారు కరెంటును కలిపి తెంపే స్విచ్చి) ఒక జత కాంటాక్టులు, పోటు వోల్టేజిని మింగే ఒక చిన్న వారిస్టరు. లేపే పనికి డీసీ వైపు తెంపే కనెక్షనే ఉందా అని అడగండి, ఉందంటే బొమ్మ చూపించమనండి.

ఇంకో పొరపాటు, బ్రేకు కాయిల్‌కు కరెంటును నేరుగా మోటారు టెర్మినళ్ల నుంచి తీసుకోవడం. వైరు ఆదా అవుతుంది. కానీ దిగే బరువు మోటారును తిప్పుతుంటే మోటారే కాసేపు జనరేటరై బ్రేకును తెరిచి పట్టుకుంటుంది. వేగం మార్చే డ్రైవు ఉన్నచోటైతే అక్కడి వోల్టేజి మారుతూ ఉంటుంది కాబట్టి బ్రేకుకు విడి సరఫరా తప్పనిసరి.

డిస్కు బ్రేకు అరిగే తీరు గురించి ఒక్క మాట. పలకకూ కాయిల్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని వంతులే ఉంటుంది. లైనింగు, అంటే రాపిడి పొర, అరిగేకొద్దీ ఆ ఖాళీ పెరుగుతుంది. ఒక హద్దు దాటాక కాయిల్ పలకను లాగలేదు, బ్రేకు సగం మూసి ఉండగానే మోటారు తిరుగుతుంది. కాలిన వాసన వస్తుంది. మోటారు వేడెక్కుతోందని మోటారును తిట్టేవాళ్లు చాలామంది, సన్నని రేకుల ఫీలర్ గేజి తీసి ఖాళీ కొలిచేవాళ్లు తక్కువ. కొనేటప్పుడే ఖాళీని సర్దుకునే మరలు ఉన్నాయా, కవరు విప్పకుండా కొలవడానికి కన్నం ఉందా అన్నది చూడండి. పది మీటర్ల ఎత్తులో వేలాడే హాయిస్టుకు ఈ చిన్న కన్నం విలువ తర్వాత తెలుస్తుంది.

వైరు తాడు హాయిస్టుల్లో శంకువు రోటరు మోటారు కూడా ఒకటుంది. రోటరే కోసుగా ఉంటుంది, కరెంటు ఇవ్వగానే అయస్కాంత బలం దాన్ని పక్కకు లాగి బ్రేకును విడిపిస్తుంది, కరెంటు పోగానే స్ప్రింగు వెనక్కి నెడుతుంది. విడిగా కాయిల్ లేదు, రెక్టిఫయరు లేదు, చెడేవి తక్కువ. కానీ బ్రేకూ మోటారూ విడదీయలేని జంట, కాబట్టి విడిభాగాలు తయారీదారు దగ్గరే దొరకాలి. నిమిషానికి పదిసార్లు నొక్కి వదిలే పనికి ఇది మొండిగా తట్టుకుంటుంది.

పెద్ద క్రేన్ల మీద కనిపించే డ్రమ్ము, షూ బ్రేకుల్లో రెండు రకాలు. అయస్కాంతంతో తెరిచేది ధడేల్మని పడుతుంది, కీళ్లూ పిన్నులూ త్వరగా వదులవుతాయి. థ్రస్టరుతో తెరిచేదాంట్లో చిన్న మోటారు నూనెను తోసి పిస్టన్ను పైకి లేపుతుంది. కరెంటు పోయాక ఆ నూనె వెనక్కి జారేదాకా ఆగాలి, కాబట్టి మెత్తగా, కొంచెం ఆలస్యంగా పడుతుంది. హాయిస్టును దూలం మీద అటూ ఇటూ నడిపే ట్రాలీ కదలికకు ఈ మెత్తదనం వరం. లేపే కదలికకు థ్రస్టరు పెడితే, పైన చేసిన లెక్కను మీ అంకెలతో ఒకసారి వేసి చూసుకోండి.

గాలితో నడిచే హాయిస్టులకూ సూత్రం ఇదే, స్ప్రింగు మూస్తుంది, గాలి ఒత్తిడి తెరుస్తుంది. నిప్పురవ్వ పనికిరాని చోట వాటికి సాటి లేదు. గాలిలో తేమ ఎక్కువైతే బ్రేకు పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుంటుంది, అదొక్కటి కనిపెట్టుకోవాలి.

దించేటప్పుడు ఆపేది ఎవరు?

పట్టి నిలిపే బ్రేకు వేరు, దించేటప్పుడు వేగాన్ని అదుపులో ఉంచేది వేరు. రెండు టన్నుల్ని పది మీటర్లు దించితే 196 కిలోజౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. వెస్టన్ తరహా బ్రేకులో అదంతా బిళ్లల్లో వేడిగా మారుతుంది. రోజుకు నాలుగైదుసార్లు దించే వర్క్‌షాపులో ఇది సమస్యే కాదు. గంటకు నలభైసార్లు, ఇరవై మీటర్ల లోతుకు దించే చోట బిళ్లలు నల్లబడతాయి, నూనె మాడుతుంది.

డ్రైవు ఉన్న హాయిస్టులో ఆ వేడి రెసిస్టరులోకో, తిరిగి కరెంటు లైనులోకో పోతుంది. వేగాన్ని డ్రైవే దాదాపు సున్నాకు తెచ్చి, చివర్లో బ్రేకు ఊరికే వచ్చి కూర్చుంటుంది. లేపేటప్పుడు కూడా మోటారులో తగినంత బలం పుట్టిందని రూఢి చేసుకున్నాకే బ్రేకును తెరుస్తుంది. లైనింగు ఏళ్లతరబడి అరగదు. ఇది వినడానికి ఎంత బాగుందో అంతే మోసం కూడా. ఎప్పుడూ రాసుకోని లైనింగు మెరుపెక్కుతుంది, తేమకు డిస్కు మీద తుప్పు పొర కడుతుంది. కరెంటు పోయిన రోజున అది మొదటిసారి నిజంగా పని చేయాల్సి వచ్చినప్పుడు పూర్తి పట్టు ఉండకపోవచ్చు. డ్రైవు హాయిస్టు తీసుకుంటే బ్రేకును విడిగా పరీక్షించే పద్ధతి ఆ డ్రైవులో ఉందా అన్నది ధరకన్నా ముందు అడగాల్సిన సంగతి. రెసిస్టరుతోనో ఎడ్డీ కరెంటుతోనో (తిరిగే లోహంలో అయస్కాంతం పుట్టించే కరెంటు) చేసే అదుపు బరువును నిలిపి ఉంచలేదు, అది కదులుతున్నంతసేపే పనిచేస్తుంది. కేటలాగులో దాన్నే "రెండో బ్రేకు" అని రాస్తే ఒప్పుకోకండి.

రెండు బ్రేకులు పెడితే

కరిగిన లోహం మోసే క్రేన్ల మీద, మనుషుల తలల మీదుగా బరువు వేలాడే చోట ఒక బ్రేకు చాలదు. సామాన్యంగా మోటారు వైపే రెండు డిస్కులు పెడతారు. ఒక లైనింగు పోతే రెండోది ఉంటుంది. కానీ మొదట్లో చెప్పిన ప్రశ్న మళ్లీ వేసుకోండి. రెండూ గేరుబాక్సుకు అటువైపే ఉంటే గేరు ఇరుసు విరిగినప్పుడు రెండూ ఒకేలా నిష్ప్రయోజనం. ఆ భయం నిజంగా ఉన్నచోట రెండో బ్రేకు డ్రమ్ము అంచునే పట్టుకోవాలి. పళ్లెం ఆకారపు స్ప్రింగుల బలంతో మూసుకుని, హైడ్రాలిక్ ఒత్తిడితో తెరుచుకునే కాలిపర్లు (రెండు వైపుల నుంచి నొక్కిపట్టే దవడలు) అవి. మోటారు వేగాన్నీ డ్రమ్ము వేగాన్నీ పోల్చి చూస్తూ, లెక్క తప్పగానే డ్రమ్మును పట్టేస్తాయి. పెద్దవి, ఖరీదైనవి, వాటికో హైడ్రాలిక్ యూనిట్టు, దానికో సంరక్షణ. మామూలు గోదాముకు అది మోయలేని ఆడంబరం. ఉక్కు కరిగించే చోట అదే కనీస జాగ్రత్త.

రెండు బ్రేకులున్నచోట రెండు సంగతులు మర్చిపోతారు. రెండూ ఒకేసారి పడితే కుదుపు రెట్టింపు, కాబట్టి రెండోది ఓ క్షణం తర్వాత పడేలా అమర్చాలి. అలాగే ఒక్కోదాన్ని విడివిడిగా పరీక్షించే వీలుండాలి. లేకపోతే ఒకటి ఎప్పుడో చచ్చిపోయినా రెండోది మోస్తూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. అప్పుడు మీ దగ్గర ఉన్నది ఒక్క బ్రేకే, రెండున్నాయన్న భ్రమ అదనం.

నాటక వేదికల మీద దీపాలూ తెరలూ వేలాడదీసే చైన్ హాయిస్టులకు జర్మనీలో పుట్టిన వర్గీకరణ ఈ విషయాన్ని సూటిగా చెబుతుంది. డీ8 రకంతో మనుషుల తలపైన బరువు ఉంచాలంటే వేరే గొలుసో తాడో అదనంగా కట్టాలి. డీ8 ప్లస్‌లో రెండు బ్రేకులు, రెట్టింపు భద్రతా గుణకం ఉంటాయి కాబట్టి కదలకుండా ఉన్న బరువుకు ఆ అదనపు కట్టు అక్కర్లేదు. మనుషుల మీదుగా కదిలించాలంటే సీ1 స్థాయి కావాలి. వేదికతో పనిలేనివాళ్లు కూడా ఈ మెట్లు చూసి తమ అవసరం ఎక్కడుందో బేరీజు వేసుకోవచ్చు.

చైన్ హాయిస్టు కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది, జారే క్లచ్ ఎక్కడుందని. బరువు మించితే జారి మోటారును కాపాడటానికి ఒక రాపిడి క్లచ్ పెడతారు. బ్రేకు మోటారు వైపు, క్లచ్ బ్రేకుకూ బరువుకూ మధ్యన ఉంటే, క్లచ్ అరిగిన రోజున బ్రేకు గట్టిగానే పట్టుకుని ఉంటుంది, బరువు మాత్రం క్లచ్ గుండా జారిపోతుంది. క్లచ్‌కు బరువు వైపున బ్రేకు ఉన్న నమూనాలు దొరుకుతాయి. తేడా కొద్దిగా ఉంటే నేను కళ్లు మూసుకుని అవే తీసుకుంటాను.

తాడే తెగితే

1854లో న్యూయార్క్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఎలీషా ఓటిస్ వేలాడే వేదిక మీద నిలబడి, దాన్ని మోస్తున్న తాడును కోయించాడు. వేదిక కొద్దిగా జారి ఆగింది. తాడు బిగువు వేదిక పైనున్న బద్ద స్ప్రింగును వంచి ఉంచేది. బిగువు పోగానే స్ప్రింగు సాగి పక్కనున్న గైడు పళ్లలో ఇరుక్కుంది. తాడును నమ్మకూడదనుకున్న చోట ఇవాళ్టికీ దారి అదే, బరువుతో పాటు కదిలే బ్రేకు, అది పట్టుకోవడానికి పక్కన ఒక గైడు.

మనుషుల్ని మోసే నిర్మాణ హాయిస్టుల్లో పళ్ల కమ్మీ మీద విడి పినియనుతో (చిన్న పళ్ల చక్రంతో) తిరిగే భద్రతా పరికరం ఉంటుంది. వేగం హద్దు దాటగానే లోపలి బరువులు బయటికి విసురుకుని కోను బ్రేకును క్రమంగా బిగిస్తాయి. మనుషులు లేని పంజరాన్ని కిందినుంచే నొక్కి పడేసి పరీక్షించడం రివాజు, సాధారణంగా మూడు నెలలకోసారి. లిఫ్టుల్లో ఒక్కసారిగా కరిచిపట్టే రకాన్ని సెకనుకు 0.63 మీటర్ల దాకానే ఒప్పుకుంటారు, అంతకు మించితే క్రమంగా పట్టే రకం కావాలి. ఆపడం ముఖ్యమే, కానీ లోపలున్న మనిషి మోకాళ్లు కూడా ముఖ్యమే కదా. సరుకు మాత్రమే మోసే చిన్న లిఫ్టుకు ఆ కరిచిపట్టేది చాలు.

గైడు లేని మామూలు కొక్కెం హాయిస్టుకు ఇది కుదరదు. అచ్చు, డై లాంటి భారీ సామాను కింద మనిషి చెయ్యి పెట్టక తప్పని పనుల్లో, పైన వేరే చోట కట్టిన, కుదుపుకు లాక్ అయ్యే లోడ్ అరెస్టరు ఒకటి ఉంటుంది. సీటుబెల్టు లాగా సొంత తాడు, సొంత పట్టు. హాయిస్టు మొత్తం విఫలమైనా అది వేరు కాబట్టి నిలుస్తుంది. పాత హాయిస్టును మార్చే స్తోమత లేనివాళ్లకు ఇదే సులువైన దారి.

ఇక మీ పనిని బట్టి

నెలకోసారి మోటారు దించే గ్యారేజీకి మంచి చైన్ బ్లాకు చాలు, కరెంటుది అక్కర్లేదు. రోజూ లేపే వర్క్‌షాపుకు డీసీ వైపు తెంపే డిస్కు బ్రేకు, దానికి తోడు నూనెలో మునిగిన లోడు బ్రేకు ఉన్న చైన్ హాయిస్టు నాకు నచ్చిన జంట. ఒకటి కరెంటు మీద, ఇంకోటి బరువు మీద ఆధారపడినవి, రెండూ ఒకే కారణానికి ఒకేసారి చెడవు. విరామం లేకుండా నడిచే చోట డ్రైవు, విడి సరఫరా ఉన్న బ్రేకు, పరీక్ష పద్ధతి. బయట వానలో వేలాడేదైతే బలం సంగతి తర్వాత చూడొచ్చు, ముందు బ్రేకు కవరు నీరు చొరనిదేనా అన్నది. నెలల తరబడి ఖాళీగా ఉంటే డిస్కు తుప్పుతో అతుక్కుంటుంది. చేతితో తెరిచే లివరు ఉంటే మేలు, కరెంటు పోయినప్పుడు బరువును కొద్దికొద్దిగా దించవచ్చు. ఒకేసారి వదిలితే లైనింగు కాలిపోతుంది. ఆ లివరును తీగతో కట్టేసిన హాయిస్టు ఎక్కడైనా కనిపిస్తే దాని కింద నిలబడకండి.

ఏది కొన్నా, బిగించిన రోజున ఒక పని చేయండి. కొత్త లైనింగు మొదట పూర్తి పట్టు ఇవ్వదు, తయారీదారు చెప్పినన్నిసార్లు ఆపి సర్దుబాటు కానివ్వండి. ఆ తర్వాత పూర్తి బరువును అరచెయ్యి ఎత్తు లేపి ఆపండి. కొక్కెం పక్కన స్తంభం మీద సుద్దతో గీత గీసి, పది నిమిషాలు చూడండి. తర్వాత అదే బరువును దించుతుండగా, కింద నేల ఖాళీ చేసి, మెయిన్ స్విచ్చి తీసేయండి. ఎంత జారిందో టేపుతో కొలిచి లాగ్ పుస్తకంలో మొదటి పేజీలో రాయండి. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి అదే అంకె కావాలి.